పదకొండు వేల అడుగుల ఎత్తున నలభై రెండు కిలోమీటర్లు



మేము నలుగురం ఈ హాస్టల్‌లో 2001లో పదో తరగతి పూర్తి చేసిన వాళ్ళం. ఇప్పుడు ఒకడు టీచరు, ఒకడు కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్, ఒకడు ఆర్టీసీ కండక్టరు, ఇంకొకడు మెడికల్ షాపు నడుపుతున్నాడు. 2023 సెప్టెంబరులో లడఖ్‌లోని లేహ్ అనే ఊళ్ళో జరిగిన మారథాన్‌కు వెళ్ళి వచ్చాం. ఆ సంగతి హాస్టల్‌లో చెప్పినప్పుడు తమ్ముళ్ళు మూడు ప్రశ్నలు అడిగారు. ఎంత దూరం అన్నా? ఎంత డబ్బు ఇచ్చారన్నా? ఎన్నో స్థానం వచ్చిందన్నా?

రెండో ప్రశ్నకు జవాబు ముందు చెప్పేస్తాం. వాళ్ళు ఇవ్వలేదు, మేమే కట్టాం. మూడో ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది కానీ, ముందు వచ్చిన వాళ్ళు టిఫిన్ చేసి స్నానం ముగించిన తర్వాత కూడా మేమింకా దారిలోనే ఉన్నాం. మొదటి ప్రశ్న గురించి మాత్రం వివరంగా రాయాలనిపించింది. ఎందుకంటే మీలో సగం మంది రేపు ఏదో ఒక సెలక్షన్‌లో పరుగెత్తాల్సిన వాళ్ళే.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. మన హాస్టల్ గ్రౌండు చుట్టూ ఒక రౌండు మూడు వందల మీటర్లు అనుకుంటే నూట నలభై రౌండ్ల పైన. గ్రీసు దేశంలో మారథాన్ అనేది ఒక చిన్న ఊరు. 1896లో ఏథెన్స్‌లో ఒలింపిక్స్ పెట్టినప్పుడు ఆ ఊరి నుంచి నగరం దాకా సుమారు 40 కిలోమీటర్ల పరుగు పెట్టారు. గెలిచినవాడు స్పిరిడాన్ లూయిస్, నీళ్ళు మోసి బతికే మనిషి. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన 42.195 కిలోమీటర్లనే 1921లో అధికారిక దూరంగా ఖాయం చేశారు.

ఇక లేహ్ ఎందుకు వెళ్ళామంటే, దానికి కారణం మన హాస్టళ్ళ లాంటి చోట చదివిన ఇద్దరు పిల్లలు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. భువనగిరి కొండ మీద మొదలైన వాళ్ళ శిక్షణ డార్జిలింగ్, లడఖ్ దాకా సాగింది. ఆ వార్త చదివిన రోజు మాలో ఒకడు అన్నాడు, మనం కొండ ఎక్కలేకపోయినా ఆ గాలి పీల్చి రావాలిరా అని. అది జరగడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. నెలకు వెయ్యి చొప్పున ఇరవై నెలలు చిట్టీ కట్టాం. విమానానికి చాలక ఢిల్లీ దాకా రైలు, మనాలి దాకా బస్సు, అక్కడి నుంచి రెండు రోజులు జీపు.

లేహ్ పెద్ద నగరమేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో ముప్పై ఒక్క వేల లోపే. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కుంభవృష్టి కురిసి, బురద వరద ఊరి మీద పడి రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఏడాదంతా కలిపి పది సెంటీమీటర్ల వాన కురవడమే గొప్ప అయిన చోట అది జరిగింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 2012లో, అక్కడి మారథాన్ మొదలైంది. సెప్టెంబరులోనే ఎందుకు పెడతారో అక్కడికి వెళ్ళాక అర్థమైంది. మనకు అప్పుడు వానాకాలం ఇంకా పోదు, పొలాల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. వాళ్ళకది శరత్కాలం. బార్లీ కోసి కుప్పలు వేస్తుంటారు. ఇళ్ళ మీద ఆప్రికాట్ పళ్ళు ఎండుతుంటాయి. ఇంకో రెండు నెలలైతే చలికి నీళ్ళు గడ్డ కడతాయి. ఎండలో నిలబడితే చర్మం కాలుతుంది, రెండడుగులు నీడలోకి వేస్తే వణుకు.

అసలు కష్టం దూరం కాదు, గాలి. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున, అంటే పదకొండున్నర వేల అడుగుల మీద ఉంది. అంత ఎత్తున గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. అది తప్పు. శాతం అక్కడా ఇరవై ఒకటే. తగ్గేది గాలి ఒత్తిడి. మన ఊళ్ళో ఉన్న ఒత్తిడిలో మూడింట రెండు వంతులే అక్కడ ఉంటుంది. అందువల్ల ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్ళే ఆక్సిజన్ కూడా ఆ మేరకే. మన వంట మాస్టరుకు చెప్తే వెంటనే అర్థమవుతుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి లేహ్‌లో నీళ్ళు వంద డిగ్రీల దాకా వెళ్ళకుండా సుమారు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత పెట్టిన కుక్కరు లేకపోతే పప్పు ఉడకదు. మేము దిగిన ఇంట్లో ఆవిడ కుక్కరు లేనిదే పొయ్యి దగ్గరికే వెళ్ళేది కాదు.

శరీరం దీనికి అలవాటు పడాలంటే రోజులు కావాలి. మొదట ఊపిరి వేగం పెరుగుతుంది, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది, మూత్రం ఎక్కువ అవుతుంది. రక్తంలో ఎర్ర కణాలు పెరగడానికి వారాలు పడుతుంది. మేము పరుగుకు తొమ్మిది రోజుల ముందే చేరాం. దారిలో తంగ్లంగ్ లా కనుమ దగ్గర, పదిహేడు వేల అడుగుల పైన, లైన్‌మన్‌కు వాంతులు. రోజూ స్తంభాలెక్కే మనిషి జీపు కిటికీలో తల పెట్టి ఏడ్చినంత పని చేశాడు. లేహ్ చేరిన మొదటి రెండు రోజులు పక్క మీదే. మెడికల్ షాపు వాడు తెచ్చిన ఆక్సిమీటరులో మన ఊళ్ళో 98 చూపించే అంకె అక్కడ 86 చూపించింది. వారం గడిచేసరికి 91 అయింది. తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇంకా పైకి పోకుండా ఆగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తూలుతున్నా, మాట తడబడుతున్నా ఆగడం చాలదు, వెంటనే కిందికి దిగాలి. డాక్టరు దగ్గరికి పోవాలి. పూటకొక మాత్ర మింగి పైకి పోయే బడాయి అక్కడ పనికిరాదు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని నలుగురం రెండు ఆదివారాలు మాట్లాడుకున్నాం. కండక్టరే చెప్పండి అన్నాడు.

2005లో అతను ఒక ఉద్యోగం సెలక్షన్‌కు వెళ్ళాడు. ఐదు కిలోమీటర్లు ఇరవై ఐదు నిమిషాల్లో పరుగెత్తాలి. రాత్రంతా బస్సులో నిలబడి ప్రయాణం. పొద్దున ఏమీ తినలేదు, తింటే కడుపులో పట్టేస్తుందని ఎవరో చెప్పారు. నీళ్ళు తాగితే బరువవుతుందని అవీ తాగలేదు. వరసలో నిలబెట్టి నిలబెట్టి పదిన్నరకు పరిగెత్తించారు. మేము ముగ్గురం తాడు అవతల నిలబడి చూస్తున్నాం. చివరి రౌండులో అతని కాళ్ళు అడ్డంగా పడుతున్నాయి. కళ్ళు మా వైపు ఉన్నాయి గానీ మమ్మల్ని చూడడం లేదు. మేము ఏం చేశామో తెలుసా? ఆగకురా, ఇంకా కొంచెమే, ఆగకు అని గొంతు చించుకుని అరిచాం. గీతకు రెండు వందల మీటర్ల ముందు పడిపోయాడు. ఎవరో నోట్లో టీ పోశారు. ఆస్పత్రిలో మూడు రోజులు ఉన్నాడు. మొదటి రోజు మూత్రం నల్ల టీ రంగులో వచ్చింది. కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం మూత్రపిండాల మీద పడిందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరు గారు చెప్పారు. ఉద్యోగం సంగతి సరే, వాళ్ళ అమ్మకు మేము చాలాకాలం ముఖం చూపించలేకపోయాం.

ఇది ఒక్కడి కథ కాదు. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో గంటలో పది కిలోమీటర్లు పరుగు పెట్టారు. ఆ ఎంపికల్లో పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. అందరూ మీలాంటి, మాలాంటి ఇళ్ళ పిల్లలే.

అందుకని లేహ్ వెళ్ళేముందు ఒక ఒప్పందం పెట్టుకున్నాం. హాస్టల్‌లో మన పళ్ళెం మీద సున్నపు రంగుతో నంబరు రాసేవారు గదా. ఇరవై ఏళ్ళయినా ఎవరి నంబరు వాళ్ళకు గుర్తే. పరుగులో ప్రతి నీళ్ళ బల్ల దగ్గరా ఎవరి నంబరు వాళ్ళు మనసులో చెప్పుకోవాలి, పక్కన ఎవరైనా ఉంటే పైకి చెప్పాలి. నంబరు గుర్తు రాకపోతే అక్కడే కూర్చోవాలి. ఎవరూ అడగకూడదు, ఎవరూ వెక్కిరించకూడదు.

పరుగు రోజు లోయలోకి ఇంకా ఎండ దిగలేదు. నోట్లోంచి ఆవిరి వస్తోంది. లైన్‌మన్ సగం మారథాన్‌కే పేరు ఇచ్చాడు. మిగతా ముగ్గురం పూర్తి దూరానికి. దారి ఊళ్ళోంచి కిందికి దిగి, సింధు నదిని దాటి, పల్లెల మీదుగా తిరిగి, మళ్ళీ ఎక్కి ఊళ్ళోకి వస్తుంది. మొదట దిగుడు కాబట్టి కాళ్ళు వాటంతట అవే పోతాయి. మోసమంతా అక్కడే ఉంది. మా పక్క నుంచి ఎంతో మంది దూసుకుపోయారు. ఒక పెద్దాయన, అక్కడి వాడే, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ హిందీలో ఒకటే మాట అన్నాడు, ఈ దిగినదంతా సాయంత్రం లోపల ఎక్కాలి బాబూ అని. మేము వేగం తగ్గించాం.

సింధు నది పేరు నాలుగో తరగతి నుంచి చదివాం. పటంలో నీలి గీత. అక్కడ చూస్తే బూడిద కలిసిన ఆకుపచ్చ నీళ్ళు, గట్టున పోప్లార్ చెట్లు, వాటి ఆకులు అప్పుడే పసుపుకు తిరుగుతున్నాయి. పల్లెల్లో ముసలమ్మలు ప్రార్థన చక్రం తిప్పుతూ గడపల్లో కూర్చున్నారు. జూలే, జూలే అంటారు. నమస్కారమన్నా అదే మాట, ధన్యవాదమన్నా అదే మాట. చిన్నపిల్లలు దారి పక్కన వరసగా అరచేతులు చాపి నిలబడ్డారు, వాటిని తాకుతూ పోవాలి. పెద్ద నగరాల్లో డప్పులు, సినిమా పాటలు పెడతారని విన్నాం. ఇక్కడ మా బూట్ల చప్పుడు మాకే వినిపించింది.

ముప్పై కిలోమీటర్లు దాటాక ఏం జరుగుతుందో చెప్పాలి. పరుగెత్తేవాళ్ళు దీన్ని గోడ అంటారు. మన కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉండే చక్కెర సుమారు రెండు వేల కేలరీలు ఇస్తుంది. అరవై కిలోల మనిషి కిలోమీటరు పరిగెత్తడానికి సుమారు అరవై కేలరీలు ఖర్చు. 42 కిలోమీటర్లకు రెండున్నర వేలు. అంటే దారిలో ఏమీ తినకపోతే ముప్పై, ముప్పై రెండు దగ్గర నిల్వ ఖాళీ. అప్పుడు శరీరం కొవ్వు మీద పడుతుంది. చక్కెర అంటే మన ట్రంకు పెట్టెలో దాచుకున్న అటుకులు, చెయ్యి పెట్టి తినడమే. కొవ్వు వడ్ల బస్తా. ఎంత ఉన్నా దంచితే గానీ నోటికి రాదు. ఆ దంచడానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అదే అక్కడ తక్కువ. అందుకే మైదానంలో నాలుగు గంటల నలభై నిమిషాల్లో మారథాన్ పూర్తి చేసిన మా టీచరుకు లేహ్‌లో ఆరు గంటల పైన పట్టింది. ముప్పై మూడో కిలోమీటరు దగ్గర అతను రోడ్డు పక్క రాయిని చూసి ఏడ్చాడట. ఎందుకు ఏడ్చావురా అంటే ఆ రాయి కూర్చుని ఉంది, నేను నడుస్తున్నాను అన్నాడు. మేము పల్లీపట్టి, బెల్లం, ఉడకబెట్టిన ఆలుగడ్డ ముక్కలు జేబులో పెట్టుకుని, ఆకలి వేయకముందే కొంచెం కొంచెం తిన్నాం. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోతుంది.

కండక్టరు ఇరవై ఎనిమిది దాకా మా కంటే ముందున్నాడు. తిరిగి వంతెన దగ్గరికి వచ్చాడు. అక్కడి నుంచి ఊరి దాకా ఎక్కుడే. సుమారు రెండు వందల యాభై మీటర్లు పైకి. నీళ్ళ బల్ల దగ్గర గ్లాసు అందుకుని నంబరు చెప్పుకోబోతే నలభై అని వచ్చింది, తర్వాత ఏమిటో రాలేదు. వేళ్ళు జివ్వుమంటున్నాయి. దారి ఎడమ పక్కకు వాలినట్టు కనిపించింది. ఎండ బాగుంది, కాళ్ళలో ఇంకా బలం ఉంది, జనం చప్పట్లు కొడుతున్నారు. అయినా కూర్చున్నాడు. వాలంటీర్లు వైద్యుల వాహనం పిలిచారు. ఆక్సిజన్ పెట్టారు. మెడికల్ షాపు వాడు వెనక నుంచి వచ్చి పక్కన కూర్చుని, తన పరుగూ అక్కడే ఆపేశాడు. అరగంట తర్వాత కండక్టరు నవ్వి, నలభై ఏడురా అన్నాడట.

2005లో పడిన మనిషికి 2023లో కూర్చోవడం తెలిసింది. మాకు మాత్రం టీచరు గీత దాటి తెచ్చుకున్న పతకం కంటే ఆ కూర్చోవడమే పెద్దదనిపిస్తుంది. టీచరు దీనికి ఒప్పుకోడు. పతకం ఇంట్లో షోకేసులో పెట్టాడు.

మర్నాడు అందరం చోగ్లమ్సర్ వెళ్ళాం. అది లేహ్ పక్కనే ఉన్న ఊరు. అక్కడ టిబెటన్ శరణార్థుల పిల్లల బడి, హాస్టళ్ళు ఉన్నాయి. పరుగు దారిలో మాకు నీళ్ళు ఇచ్చిన పిల్లాడొకడు గేటు దగ్గర గుర్తుపట్టాడు. వచ్చీరాని హిందీలో మాట్లాడుకున్నాం. మీ హాస్టల్‌లో ఏం పెడతారు అని మేము అడిగాం. పప్పు, అన్నం, పప్పు అన్నాడు. నలుగురం ఒకేసారి నవ్వాం. వాడికి ఎందుకో అర్థం కాలేదు. ఇంటికి ఎన్నాళ్ళకు వెళ్తావు అంటే చలికాలం సెలవులకు అని, చేత్తో దూరంగా కొండల అవతల చూపించాడు.

ఇక మీకు పనికొచ్చే మాటలు. మీకు లేహ్ అక్కర్లేదు, పదహారు వందల మీటర్లు చాలు. 2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. దీనికి నెల రోజుల ముందు మొదలుపెడితే చాలదు. కనీసం నాలుగు నెలలు. మొదటి నెల అంతా పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగానే. మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టు. వారంలో ఒక్క రోజే గట్టి పరుగు, ఒక రోజు పూర్తి విశ్రాంతి. మన పిల్లలు విశ్రాంతిని బద్ధకం అనుకుంటారు. కండరం బలపడేది ఆ రోజే.

సెలక్షన్‌కు ముందు రోజే ఆ ఊరు చేరి పడుకోండి. పరుగుకు రెండు గంటల ముందు రెండు అరటిపళ్ళో, రాగి జావో కడుపులో పడాలి. నీళ్ళు మానకండి. అలాగని బిందెడు తాగకండి, ఉప్పు లేకుండా నీళ్ళే తాగినా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందికి రక్తపరీక్ష చేస్తే వందకు పదమూడు మందిలో సోడియం ఉండాల్సినంత లేదు. లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ తల కొట్టి కొలవాలి. ఇంతే మందు. ముందు రోజు జ్వరం వచ్చి ఉంటే పరుగెత్తవద్దు. ఉత్సాహం కోసం ఎవరైనా మాత్రో, ఇంజెక్షనో ఇస్తే తీసుకోవద్దు. మా మెడికల్ షాపు వాడు దీని గురించి చెప్పడం మొదలుపెడితే ఆపడు.

బూట్ల గురించి కూడా అడిగారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా మనిషి అబెబె బికిలా ఉత్త కాళ్ళతో మారథాన్ గెలిచాడని మనకు చెప్తుంటారు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని మళ్ళీ గెలిచాడని, ఈసారి ఇంకా త్వరగా గెలిచాడని ఎవరూ చెప్పరు. లేనివాడు ఉత్త కాళ్ళతో పరుగెత్తగలడు. అంతమాత్రాన మనకు బూట్లు వద్దని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఎవరైనా ఎండలో పడిపోతే నోట్లో ఏమీ పోయవద్దు. నీడకు మోసి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోసి గాలి కొట్టండి. 108కి ఫోన్ చేయండి. ముందు చల్లబరచాలి, తర్వాతే ప్రయాణం. తాడు అవతల నిలబడి చూసేవాళ్ళకు కూడా పని ఉంది. మీ వాడి కాళ్ళు అడ్డంగా పడుతుంటే, కళ్ళు మిమ్మల్ని చూడకపోతే, ఆగమని అరవండి.

మిగిలిన చిట్టీ డబ్బుతో ఎనిమిది జతల బూట్లు కొన్నాం. 6 నుంచి 9 దాకా సైజులు. వార్డెన్ సారు గదిలో బీరువాలో ఉంచారు, రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకోవచ్చు, తడిసినవి ఆరబెట్టి ఇవ్వాలి. ప్రతి ఆదివారం పొద్దున ఐదున్నరకు మాలో ఇద్దరం గేటు దగ్గర ఉంటాం. వచ్చేవాళ్ళు ముందు తమ పళ్ళెం నంబరు చెప్పాలి.